ఎడమ అంచున మనిషి

లంజిపల్లి, బరంపురం
18 ఫిబ్రవరి 2024

వదినకు,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కదాన్నే కనుక ఆ మాట రాయడం తేలికే. నువ్వూ అన్నయ్యా ఎలా ఉన్నారు? నీ చెవి మెషీను మళ్ళీ డబ్బాలో పెట్టేశావని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. పెట్టుకుంటే హైవే మీద లారీలన్నీ నీ తలలోంచే పోతున్నట్టుందన్నావట. సరేలే, ఫోన్‌లో నా గొంతు నీకు ఎలాగూ అందదు, మనకు ఉత్తరమే దిక్కు. మీ వీధిలో తెలుగు అక్షరాలు ఇంకెవరికీ రావు కనుక ఏం రాసినా భయం లేదు.

ఈ కవర్లో ఒక ఫోటో ఉంది, ముందు అది తీసి చూడు. చూశావా? మీ హుమ్మ ఉప్పుమడులే. పోయిన నెల మీ ఇంటికొచ్చినప్పుడు చీకటితోనే అన్నయ్యను లేపి తీసుకుపోయానే, ఆ పొద్దున తీసింది. ఎండ అప్పుడే పడుతోంది, మడుల్లో నీళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి.

ఫోన్‌లో ఒక గుంపులో చేరానని చెప్పాను కదా, దాని పేరు ‘ఫోటో చావడి’. పలాస, ఇచ్ఛాపురం, బరంపురం వాళ్ళూ, సూరత్‌లోనూ దుబాయ్‌లోనూ పనిచేసే మనవాళ్ళూ కలిపి మూడువేల మంది ఉంటారు. ఎవరి మొహం ఎవరికీ తెలియదు. నేనైతే మొహం ఉండాల్సిన చోట మందారపువ్వు పెట్టుకున్నాను. ఆదివారం ఆదివారం తలా ఒక ఫోటో పెట్టాలి. చూసినవాళ్ళు ఒక మంచీ ఒక తప్పూ చెప్పాలి. పెట్టినవాళ్ళు మాత్రం ఒక రోజంతా నోరు విప్పకూడదు. “బొమ్మ మాట్లాడాలి, మీరు కాదు” అంటారు ధనరాజు మాస్టారు. ఆయన పలాసలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు, చావడికి ఆయనే పెద్ద. తప్పు దిద్దుకున్నాక కొత్తది పెట్టి పాతది తీసెయ్యడం కూడా ఆయన పెట్టిన నియమమే.

నా ఫోటో చూసి, “వెలుగు బాగుంది, కాని ఎడమ అంచున సగం తెగిన మనిషి ఉన్నాడు, కన్ను అటే లాగుతోంది, కత్తిరించండి” అన్నారు. ఆయన అన్నాక ముప్పై మంది తందానతాన. నేను కత్తిరించి పెట్టాను. అంతే, ‘ఈ వారం బొమ్మ’ అయిపోయింది! నాలుగువందల మంది మెచ్చుకున్నారు. వదినా, మా ల్యాబ్‌లో రోజుకు అరవై మంది నా ముందు చెయ్యి చాపుతారు. సూది గుచ్చేటప్పుడు అందరూ మొహం అటు తిప్పుకుంటారు. ఇరవై మూడేళ్ళుగా నాకు మనుషుల చేతులే తెలుసు. ఇంతమంది నా వైపు చూడడం ఇదే మొదలు. నవ్వకు.

అన్నయ్యకు చూపించు. ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి.

నీ ఆడపడుచు
పద్మ

*

హుమ్మ
27 ఫిబ్రవరి 2024

పద్మకు దీవెనలు.

నీ ఉత్తరం శనివారం అందింది. ఫోటో చాలా బాగుందే అమ్మా. రోజూ చూసే మడులు ఇంత అందంగా ఉంటాయని నాకు తెలియనే తెలియదు. క్యాలెండరు పక్కన పెట్టాను.

ఇక మీ అన్నయ్య సంగతి విను. కళ్ళజోడు తుడుచుకుని రెండు చేతులతో పట్టుకుని చూశారు. చూసి చూసి, “నానెక్కడే? అక్కడే గట్టు మీద కూకున్నాను కదా, ఏటైపోనాను?” అన్నారు. ఫోటోను బల్ల మీద పెట్టి, దాని అంచు దాటి చెక్క మీద వేలు పెట్టి, “ఇదుగో, నానుండాల్సింది ఇక్కడ” అని చూపించారు. అంటే మీ మాస్టారు కత్తిరించమన్న మనిషి మీ అన్నయ్యేనన్నమాట! రెండు రోజుల నుంచి ఇంట్లో ఇదే నవ్వు. “సూసినావా, నా సెల్లికి ఉప్పు కావాలి గాని అన్న అక్కర్నేదు” అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. ఒకరు అన్నారని అన్ననే కోసేశావు, రేపు వదిన ముక్కు బాగాలేదంటే నా గతేమిటి తల్లీ?

నాకు ఈయన మాటలొక్కటే పూర్తిగా తెలుస్తాయి. పెదాలు కదిలితే చాలు, సగం మాటలోనే పట్టేస్తాను. చెవులున్న రోజుల్లో ఒడియా నేనూ గలగలా మాట్లాడేదాన్ని గాని, పెదాల మీద అది నాకు అందదు. వీధిలో ఆడవాళ్ళు ఏదో అంటారు, నేను తల ఊపుతాను. ఏ ప్రశ్నకు ఊపానో దేవుడికే తెలియాలి.

మళ్ళీ ఆదివారం రా. కూరకని ఎండు నెత్తళ్ళు దాచి ఉంచాను.

నీ వదిన
లక్ష్మీకుమారి

*

లంజిపల్లి
9 ఆగస్టు 2024

వదినా,

నీ దగ్గర్నుంచి వచ్చి వారమైంది. పన్నెండు రోజులూ ఇంటినిండా జనం ఉన్నారు కనుక సరిపోయింది గాని, ఇక్కడ తాళం తీసి లోపలికొచ్చాకే అన్నయ్య లేడన్న సంగతి తెలిసింది. క్షేమంగా చేరానని ఫోన్ చెయ్యబోయి ఆగిపోయాను. ఆ ఫోన్ ఎత్తే మనిషే లేడు కదా.

ల్యాబ్‌లో చెప్పాను. అయ్యో అన్నారు. ఆ వెనకాల ఉన్న మనిషి చెయ్యి చాపాడు, దూది తీసుకుని పనిలో పడ్డాను.

బయల్దేరేటప్పుడు మీ గోడకు ఆనించి ఉన్న అన్నయ్య సైకిలును ఫోటో తీశాను. సీటు మీద ఆయన వేసుకునే ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఆదివారం దాన్ని చావడిలో పెట్టాను. ఒక రోజంతా ఏమీ చెప్పకూడదు కదా, చెప్పలేదు. ఒకాయన పైన ఖాళీ ఎక్కువైందన్నాడు. ఒకావిడ వెనక చక్రం తెగకుండా తియ్యాల్సిందంది. మాస్టారు నీడ బాగా పడిందన్నారు. అది ఎవరి సైకిలని ఒక్కరూ అడగలేదు. వాళ్ళ తప్పు కాదనుకో. రోజు గడిచాక మా అన్నయ్యదని రాద్దామనుకుని ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. చివరికి ‘ధన్యవాదాలు’ అని రాసి ఊరుకున్నాను.

ఏడాది తిరిగేదాకా నువ్వు ఇల్లు కదలకూడదంటారు, లేకపోతే నిన్ను ఇక్కడికే తెచ్చుకునేదాన్ని. నెలనెలా మాసికానికి నేనే వస్తాను. వేళకు తిను వదినా. పిల్లలైనా లేరు నీకు, బతిమాలి పెట్టడానికి.

పద్మ

*

హుమ్మ
3 సెప్టెంబర్ 2024

పద్మకు,

మాసికానికి వస్తావని రెండు గ్లాసులు ఎక్కువే బియ్యం పోశాను. పని తెమలలేదు కాబోలు. పరవాలేదు.

ఒక సాయం కావాలి. మీ అన్నయ్య ఫోటో పెద్దది చేయించాలని, ఉప్పు సొసైటీలో ఆయనతో పనిచేసిన జగ్గన్నకు ఆధార్ కార్డిచ్చి స్టూడియోకు పంపాను. తెచ్చాడు. విప్పి చూద్దును కదా, నీలం కోటు, ఎర్ర టై! పోయినవాళ్ళందరికీ అలాగే తొడుగుతారట, అడగకపోయినా. ఎవరో ఆఫీసరనుకుని నమస్కారం పెట్టబోయాను. తల మీ అన్నయ్యది, ఒళ్ళు ఇంకెవరిదో. ఆ తల కూడా ఆధార్‌లోది, పోలీసులు పట్టుకుపోయేటప్పుడు తీసినట్టుంటుంది. జన్మలో కోటు ఎరగని మనిషి. దానికి దండ వేసి రోజూ దీపం పెట్టమంటే నా వల్ల కావడం లేదు. గోడవైపు తిప్పి పెట్టాను.

పెళ్ళి ఆల్బం పైలిన్ తుపానులో తడిసి అట్టముక్క అయిపోయింది. ఆ తరవాత ఫోటోకని ఎవరు ఫోన్ ఎత్తినా ఆయన మొహం తిప్పేసుకునేవారు. ఎంత ఆలోచించినా నాకు గుర్తొస్తున్నది ఒక్కటే. ఉప్పుమడుల దగ్గర నువ్వు తీసిన ఫోటో, కత్తిరించక ముందుది. అందులో ఉన్నారు కదా. వీపు కనబడినా సరే, సగమైనా సరే, అది మీ అన్నయ్య అయితే చాలు. ఏడాది కార్యం నాటికి దాన్నే కట్టించుకుంటాను. పంపవే అమ్మా.

నీ వదిన

*

లంజిపల్లి
17 సెప్టెంబర్ 2024

వదినా,

నీ ఉత్తరం చూశాను. ఆ ఫోటో ఎక్కడికీ పోదు, పాత మెమొరీ కార్డులో ఉండి ఉంటుంది, వెతికి పంపుతాను. ఇవి డెంగీ రోజులు, ల్యాబ్‌లో ఊపిరాడడం లేదు. అందుకే మాసికానికి రాలేకపోయాను, ఈ నెల కూడా కుదిరేలా లేదు. ఈలోగా ఉప్పుమడుల ఫోటోనే పెద్ద సైజులో మళ్ళీ వేయించి పంపుతున్నాను. గోడకు బాగుంటుంది.

పద్మ

*

హుమ్మ
20 నవంబర్ 2024

పద్మకు,

రెండు నెలలు చూశాను. ఇంక అడగకూడదనే అనుకున్నాను గాని, మనసులో పెట్టుకుంటే పుండవుతుంది.

నువ్వు పంపిన పెద్ద ఫోటో అందింది. నేను మనిషిని అడిగితే మళ్ళీ ఉప్పే పంపావు. చిన్నదానిలో లేనివాడు పెద్దదానిలో ఉంటాడా? నాలుగు మాసికాలు అయ్యాయి, నువ్వు ఒక్కదానికీ రాలేదు. గంటన్నర బస్సు ప్రయాణం. డెంగీ రోజులు కూడా అయిపోయాయి.

ఎందుకు రావడం లేదో నాకు తెలుసు పద్మా. ఆ పొద్దున మీ అన్నయ్య పెరట్లో పడిపోయి పిలిచారు. గోడ అవతల ఇంటివాళ్ళకు వినబడింది. నాలుగడుగుల్లో పొయ్యి వైపు తిరిగి వంకాయలు కోసుకుంటున్న నాకు వినబడలేదు. వాళ్ళు గోడ దూకి వచ్చి నా భుజం తట్టేదాకా నేను కోస్తూనే ఉన్నాను. మెషీను డబ్బాలోనే ఉంది. లారీల చప్పుడు భరించలేనని పెట్టుకోనిదాన్ని, నాకేం చెప్పడానికుంది? కర్మ రోజుల్లో నువ్వు నా వైపు సూటిగా చూడకపోతే, దుఃఖంలో ఉందిలే అనుకున్నాను. ఇప్పుడు అర్థమవుతోంది. ఆయన పిలుపు విననిదానికి ఆయన ఫోటో ఎందుకనుకున్నావేమో. అదీ న్యాయమే.

ఆ మాట మొహం మీద అనెయ్యి. తిడితే పడతాను. ఇలా కార్డు వెతుకుతున్నానని మాత్రం రాయకు.

లక్ష్మీకుమారి

*

లంజిపల్లి
1 డిసెంబర్ 2024

వదినా,

నీ ఉత్తరం ల్యాబ్‌కు తీసుకుపోయి చదివాను. ఆ రోజు ఒకావిడకు రెండుసార్లు సూది గుచ్చాల్సి వచ్చింది.

నువ్వనుకున్నది ఒక్క పిసరు కూడా నిజం కాదు. అన్నయ్య పిలుపు నీకు వినబడలేదని నేను ఒక్కసారి కూడా నిన్ను తప్పు పట్టలేదు. నీ మొహం చూడలేకపోయింది నేను చేసినదానికి. మెమొరీ కార్డు అంతా అబద్ధం. అలాంటి కార్డే లేదు. ఫోన్ నిండిపోయిందని గోల పెడుతుంటే, చావడిలో నెగ్గినదాన్ని ఉంచుకుని ఆ పొద్దున తీసినవి మిగతావన్నీ తుడిచేశాను. చావడిలో మొదట పెట్టినది కూడా నియమం ప్రకారం తీసేశాను. అన్నయ్య ఉన్న ఫోటో ఒక్కటే ఒక్కటి ఈ లోకంలో ఉంటే, దాన్ని నా వేలితో నేనే చెరిపేశాను. నువ్వు అడిగినప్పుడు అది ఎలా రాయను?

ఇంకోటి కూడా ఉంది. ఆ పొద్దున అన్నయ్య గట్టు మీద నా వెనకాలే తిరుగుతూ, “అటు తియ్యి, ఆ కొంగల్ని తియ్యి” అని ఒకటే హడావిడి. నాకు చిరాకొచ్చి, “అడ్డొస్తన్నావు అన్నయ్యా, ఎక్కడ సూసినా నువ్వే. పక్కకెల్లి కూకో” అని కసిరాను. “సర్లే, నాను కనబడన్లే, నువ్వు తీసుకో” అని వెళ్ళి కూర్చున్నాడు. పాపం, పూర్తిగా కనబడకుండా కూర్చోవడం చేతకాలేదు. అంచున సగం పడ్డాడు. ఆ సగాన్నీ నేను ఉంచలేదు. వాళ్ళంతా ఆ మనిషిని తీసెయ్యమంటుంటే మా అన్నయ్య అని ఒక్క ముక్క రాయకపోయాను. నియమం ఒక రోజే కదా, మర్నాడు రాయొచ్చు. మర్నాటికి నాకు మెప్పు కావాల్సి వచ్చింది.

నీ ఉత్తరం చదివాక ఇక సిగ్గు లేకుండా చావడిలో అంతా రాశాను. ఆ మనిషి మా అన్నయ్య, జూలైలో పోయాడు, మొదటి ఫోటో ఎవరైనా దాచుకుని ఉంటే ఇమ్మన్నాను. వంద మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఫోటో ఎవరి దగ్గరా లేదు. మూడో రోజున ధనరాజు మాస్టారు పంపారు. కొత్తగా చేరినవాళ్ళకు అంచుల పాఠం చెప్పడానికి ఆయన నా ఫోటో మీద ఎర్ర గీతలు గీసి ఉంచుకున్నారట. అన్నయ్య చుట్టూ ఒక సున్నా, దానికో బాణం, పక్కన ‘అనవసరం’ అని ఆయన చేతిరాత. “గీతలు లేనిది నా దగ్గర లేదమ్మా. ఆ మాట రాసిన చెయ్యి ఇప్పుడు నాకే చూడబుద్ధి కావడం లేదు” అని రాశారు.

గీతలు చెరిపే యాప్ ఉంది. చెరిపితే ఆ జాగాలో అదే ఏదో ఊహించుకుని నింపేస్తుంది. అన్నయ్య చెవినీ భుజాన్నీ యంత్రం ఊహించడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకని గీతలతోనే వేయించి ఇందులో పెట్టాను. ఇది పంపకపోతే మోసం, పంపితే పాపం అనిపిస్తోంది. చింపేసినా నేనేమీ అనను. నన్ను రావద్దన్నా అనను.

పద్మ

*

హుమ్మ
10 డిసెంబర్ 2024

పద్మా,

నిన్న సాయంత్రం అందింది. కవరు విప్పి ఫోటో చేతిలోకి తీసుకోగానే మీ అన్నయ్య కనబడ్డారు. నా చూపు కూడా మునుపటిలా లేదు, ఆ ఎర్ర సున్నా లేకపోతే ఇన్ని తెల్ల కుప్పల్లో వెతుక్కోవాల్సి వచ్చేది. మీ మాస్టారు ఏ ఉద్దేశంతో గీశారో గాని, నాకు మాత్రం ఇదుగో ఇక్కడున్నాడమ్మా అని చూపించినట్టే అయింది. ఆయనకు నా నమస్కారాలు రాయి, బాధపడొద్దని చెప్పు. గీతలు చెరిపించకు. ఏడాదికి దీన్నే పెడతాను. ‘అనవసరం’ అన్నచోట మాత్రం కాస్త కుంకుమ అద్దాను.

తల మీద తువ్వాలు, కుడి చెవి, వంగిన వీపు. మొహం లేదు, అయినా ఆయనే. ముప్పై నాలుగేళ్ళు ఆ వీపు వెనకాలే సైకిలెక్కి తిరిగినదాన్ని, నాకు తెలియదా? చేతిలో ఏదో నల్లగా ఉంది. గీత సరిగ్గా దాని మీదుగా పోయింది. జగ్గన్న ఇంటి నుంచి భూతద్దం తెప్పించి చూశాను. అవి నీ చెప్పులు పద్మా. మడుల్లోకి చెప్పులతో దిగకూడదు కనుక నువ్వు గట్టు మీద విడిచిపోయి ఉంటావు. ఉప్పునీళ్ళు తగిలితే తోలు పాడైపోతుందని ఆయన వాటిని తీసి చేత్తో పట్టుకుని కూర్చున్నారు. నీకు తెలియను కూడా తెలియదు. కసిరానని ఏడుస్తున్నావు గాని, మనసు కష్టపెట్టుకున్నవాడు చెప్పులు పట్టుకుని కూర్చుంటాడా? ఆ రోజు ఇంటికొచ్చి నాతో చెప్పింది కూడా, “పద్మ పనిలో ఉంటే మా నాన్నలాగే కసురుతది” అని, అదీ మురిసిపోతూ.

చెరిపేసినందుకు నాకు కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చింది. రాత్రి అన్నం కూడా తినలేదు. పొద్దున్నకి తగ్గింది. ఎవరి మీద కోపం తెచ్చుకోను? మనిషి ఉండగా నువ్వు పక్కకు పంపావు, పిలవగా నేను వినలేదు. నువ్వు నన్ను తప్పు పట్టలేదని రాసిన ముక్క మాత్రం నాలుగైదుసార్లు చదువుకున్నాను. నన్ను నేను తప్పు పట్టుకోవడం మాననులే, అది నాతోనే పోతుంది. కాని నువ్వు పట్టడం లేదని తెలిశాక కొంచెం నిద్ర పట్టింది.

ఈ నాలుగు నెలలూ ఇంట్లో నాతో మాట్లాడే పెదాలే లేవు. నాకు నువ్వు కావాలి. వచ్చే ఆదివారం మొదటి బస్సెక్కి రా. నా ఎదురుగా కూర్చుని నీ నోటితో ఏదో ఒకటి మాట్లాడు, నీ సూదుల గురించైనా సరే, చూస్తూ కూర్చుంటాను.

వచ్చినప్పుడు నాకొక ఫోటో తియ్యి. నేను పోయాక ఎవరూ నాకు కోటు తొడగకుండా ఇప్పుడే తీసి ఉంచు. ఉతికిన చీర కట్టుకుంటాను. మొహం తిప్పను. సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టి తియ్యి. చావడిలో పెట్టడం నీ ఇష్టం. పెడితే మాత్రం, ఈవిడ మా వదిన అని రాసి పెట్టు.

లక్ష్మీకుమారి